నా దగ్గుమందు సీసాలో బెల్లం టీ

నారళీ పున్నమి, అంటే మన రాఖీ పున్నమి, శుక్రవారం, పొద్దున ఏడు గంటల ఇరవై నిమిషాలు. గోడ గడియారం కిందే నిలబడి ఉన్నాను కాబట్టి ఇంత కచ్చితంగా చెబుతున్నాను. పై గదిలో పడుకున్న నా మనవడు వినోద్ గొంతులోంచి గురగురమని చప్పుడు వచ్చింది. గురక కాదు. గురక నాకు తెలుసు, నా మొగుడితో ముప్పై ఏళ్ళు పడుకున్నాను.

ఆ చప్పుడు నాకు వినబడటానికి కారణం ఒకటే. ఆ రోజు మార్కండేయుని రథం. షోలాపూర్‌లో మా పద్మశాలీల మగ్గాలన్నీ ఆగే రోజు. నీలం నగర్‌లో మా ఇల్లు కింద నాలుగు పవర్‌లూములు, పైన రెండు గదులు. నా కొడుకు శ్రీనివాస్ యజమాని ఇచ్చిన నూలుతో టవళ్ళు నేస్తాడు. అవి నడుస్తున్నప్పుడు పైన మనిషి అరిచినా వినబడదు. రథం ఆ రోజు కాక మరునాడు అయి ఉంటే ఈ కథ రాయడానికి ఏమీ ఉండేది కాదు.

నేను నర్సుబాయిని. చిన్నప్పటి నుంచి బీడీలు చుడుతున్నాను. అక్షరాలు యాభై దాటాక నేర్చుకున్నాను, అదెలాగో తర్వాత చెబుతాను. ఇది చదివి నన్ను ఎవరూ ఓదార్చనక్కర లేదు. మీ ఇంట్లో పదిహేనేళ్ళ పిల్లవాడు ఉంటే చదవండి, అంతే.

"వినోద్, లే రా. రథం కొంతం చౌక్ దాటిపోతది. స్నానం లేదు, జంధ్యం మార్చుకునుడు లేదు, ఇంక పండుకున్నవా?" అంటూ పైకెక్కి వాడిని పట్టి ఊపాను. తల ఒక పక్కకు వాలిపోయింది. పెదవులు వంకాయ రంగు తిరిగాయి.

మెట్ల మీద నుంచి కొడుకును కేకేశాను. వాడు కింద కొత్త ధోతి కట్టుకుంటున్నాడు.

"రాత్రంత మొబైల్ జూసిండు అమ్మా. పండనీ వాన్ని, పండుగ పూట లొల్లి పెట్టకు."

"శీనూ, పైకి రా. మారుమాట మాట్లాడకు."

వచ్చాడు. చూశాడు. వాడి చేతిలోని ధోతి కొస అలాగే ఉండిపోయింది. కోడలు పద్మ గుమ్మంలో కూలబడింది. పక్కింటి అంబాదాస్ రథానికి బయలుదేరినవాడు బయలుదేరినట్టే వచ్చి పిల్లవాడిని భుజాన వేసుకున్నాడు. మా సందులోని రఫీక్ భాయ్ ఆటోలో ఎక్కించాం. రథం కోసం పెద్ద దారులన్నీ మూసేశారు. రఫీక్ సందుల్లో పడి, జనం అడ్డమొచ్చిన చోటల్లా తల బయటికి పెట్టి "పేషంట్ ఆహే, బాజూ వ్హా", రోగి ఉన్నాడు జరగండి, అని మరాఠీలో అరుస్తూ పోయాడు. ఒళ్ళో పిల్లవాడి తల పెట్టుకుని నేను వాడి ముక్కు దగ్గర వేలు ఉంచాను. ఊపిరి తగులుతుంది, పోతుంది, మళ్ళీ తగులుతుంది. దూరంగా డోళ్ళు మోగుతున్నాయి. దేవుడి మీద నాకు ఎన్నడూ రానంత కోపం వచ్చింది.

దవాఖానలో ఒక చిన్న డాక్టరమ్మ. మా రజని కంటే నాలుగేళ్ళు పెద్దదేమో. రజని వినోద్‌కు అక్క, కాలేజీ చదువుతుంది. డాక్టరమ్మ మరాఠీలో అడిగింది, ఏం తీసుకున్నాడని. మేము ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నాం. రజని, ఆటో వెనకాలే వచ్చిన అంబాదాస్ బండి ఎక్కి ఇంటికి పోయి, తమ్ముడి పరుపు కింద దొరికినవన్నీ సంచిలో వేసుకొచ్చింది. అన్నీ ఖాళీ దగ్గుమందు సీసాలు. వాటితోపాటు నా గూట్లోంచి సగం నిండిన సీసా కూడా తెచ్చింది.

"అది నాది డాక్టరమ్మా, నా దగ్గుకు" అన్నాను.

ఆమె మూత తీసి వాసన చూసింది. నా ముక్కు దగ్గర పెట్టింది. "ఆజీ, ఇది చాయ్" అంది. ఆజీ అంటే అవ్వ.

"కాదు. మంచి మందు. గొంతుల మంట పుడ్తది, తర్వాత హాయిగ ఉంటది."

రజని వేలు ముంచి నాకింది. "అవ్వా, ఇది బెల్లం టీ. అల్లం ఏసిండు. నీకు మంట పుట్టాలని."

ఎండాకాలం నుంచి నేను తాగింది అదీ. పైగా ఈసారి మందు బాగా పనిచేస్తోందని వాడకట్టంతా చెప్పాను. నా మనవడు నేను అడగకుండానే మందు తెచ్చిపెడతాడు, ఎవరికి ఉంటాడు అలాంటి మనవడు, అని కూడా చెప్పాను.

మా ఇళ్ళ సంగతి తెలియనివాళ్ళు మమ్మల్ని గుడ్డివాళ్ళనుకుంటారు. మా ఇంట్లో నా కొడుకు దగ్గుతాడు, నూలు దుమ్ము. నేను దగ్గుతాను, తంబాకు దుమ్ము. పద్మ రెంటికీ దగ్గుతుంది. దగ్గుమందు సీసా మా ఇళ్ళలో ఉప్పు డబ్బా లాంటిది. అయిపోతే ఎందుకు అయిపోయిందని ఎవరూ అడగరు. వేరే ఇంట్లో అయితే రెండు సీసాలు కనిపించినా తల్లి అనుమానపడేది. మా ఇంట్లో ఖాళీ సీసాలు వరసగా నిలబెట్టినా, పాపం అవ్వకు దగ్గు ఎక్కువైంది అనుకున్నారు. సీసా మీద రాసింది చదవలేదా అంటారేమో. నాకు వచ్చినవి తెలుగు అక్షరాలు. సీసా మీద ఉన్నవి ఇంగ్లీషు.

ఆ రోజంతా బయట బెంచీ మీద కూర్చున్నాం. వార్డుబాయ్ ఒకడు చీటీ పట్టుకుని వచ్చి, "ఆ గర్దుల్లా వాళ్ళు ఎవరు?" అని అందరికీ వినబడేలా అడిగాడు. గర్దుల్లా అంటే మా దగ్గర మత్తుకు పడ్డవాడు. బజారులో కుక్కను అన్నట్టు అంటారు ఆ మాట. శ్రీనివాస్ తల దించుకున్నాడు. నేను లేచాను.

"ఎవరు బిడ్డా గర్దుల్లా? వాని పేరు వినోద్. పదో తరగతి. చీటీ మీద రాసి ఉంది, నీకు చదువు రాకపోతే నేను చదివి చెప్త."

ఆ మరాఠీ చీటీ నాకూ చదవరాదు, ఆ సంగతి అతనికి తెలియదు. అతను గొణుక్కుంటూ పోయాడు. పక్క బెంచీ మీద ఉన్న ఆమె, పల్లెటూరి మరాఠీ మనిషి, మొగుడు లోపల ఉన్నాడు. మూట విప్పి కడక్ భాకరి అనే గట్టి జొన్నరొట్టె, పల్లీల చట్నీ నా చేతిలో పెట్టి, "ఖా మావ్శీ", తిను చిన్నమ్మా, అంది. పద్మకు నోట్లో తుంచి పెట్టింది. ఆమె పేరు అడగడం మరిచిపోయాను. ఇప్పటికీ ఆ విషయంలో నా మీద నాకే చిరాకు.

సాయంత్రానికి వాడు కళ్ళు తెరిచాడు. నన్ను చూసి, "అవ్వా, నీ మందు…" అన్నాడు. చెంప పగలగొడదామని చెయ్యెత్తాను. చెయ్యి వాడి నుదుటి మీద పడింది.

గణపతుల పండుగ నాటికి ఇంటికి తెచ్చాం. వారానికొకసారి మనసు డాక్టరు దగ్గరికి పోవాలన్నారు. శ్రీనివాస్‌కు ఆ మాటే గిట్టలేదు. పిచ్చి డాక్టరు దగ్గరికి పోతే రేపు పిల్లనెవరిస్తారని గొడవ. మగపిల్లవాడు, సోపతి చెడ్డది, నాలుగు తగిలిస్తే దారికొస్తాడని వాడి లెక్క. నేను, పద్మ తీసుకుపోయాం.

అక్కడ బయట కూర్చునే చోట అందరూ గోడ వైపు చూస్తారు. తెలిసినవాళ్ళు కనిపిస్తే చెప్పుల వైపు చూస్తారు. మా వంతు వచ్చింది. ఆ డాక్టరు పెద్దమనిషి, నిదానస్తుడు. మొదట అడిగింది ఏమిటో తెలుసా? "వీడు రెండేళ్ళ పిల్లవాడిగా ఉన్నప్పుడు ఎవరు చూసుకునేవారు? అప్పుడు తల్లి ఎలా ఉండేది?"

నాకు ఒళ్ళు మండింది. "సాబ్, వీనికి పదిహేనేండ్లు. నిన్న తాగిన సీసా సంగతి అడుగుండ్రి. రెండేండ్లప్పుడు ఉయ్యాలల ఎవరు ఊపిండ్రో ఎందుకు?"

ఆయన కోపం చేసుకోలేదు. "చెప్పండి ఆజీ" అన్నాడు. నేను పద్మ వైపు తిరిగాను. పద్మ ఏడుస్తోంది. శబ్దం లేకుండా, కళ్ళలోంచి అలా కారిపోతోంది. కొంగుతో ఆమె ముఖం తుడిచాను.

ఆయన అడిగినదానికి జవాబు ఇప్పుడు చెబుతాను. రజని పుట్టినప్పుడు పద్మ గోడ వైపు తిరిగి పడుకుంది. పిల్ల ఏడ్చినా తిరగదు, తినమంటే తినదు. అప్పుడు మా సందు చివర బీడీ కార్మికుల పిల్లల కోసం ఒక బాల్వాడీ ఉండేది, ఒక్క గది. దాన్ని నడిపే సులోచన బాయి మంగళవారం మంగళవారం ఇళ్ళకు తిరిగేది. మా ఇంటికొచ్చి పద్మ పక్కన చాప వేసుకుని కూర్చునేది. నీతులు చెప్పేది కాదు. పిల్లను ఒళ్ళో వేసుకుని, "పద్మా, దీని ముక్కు ఎవరిదే, మీ అత్తదా? అయ్యో పాపం" అనేది. ఒకరోజు పద్మ నవ్వింది. నా ముక్కు మీద నవ్వినా నాకు సంతోషమే అయింది. నాలుగు నెలలు అలా వచ్చి వచ్చి పద్మను లేపింది. మగ్గం చప్పుడులో పిల్లకు మాటలు రావు, రోజుకు కొంతసేపైనా బయట కూర్చోబెట్టుకుని మాట్లాడండి అని మాకందరికీ చెప్పింది. రజని బాల్వాడీకి పోయేటప్పుడు నేను తోడు పోయి గుమ్మంలో బీడీలు చుట్టుకునేదాన్ని. బాయి నా చేతికీ పలక ఇచ్చింది. మనవరాలు 'అ' దిద్దితే నేనూ దిద్దాను. ఈ అక్షరాలు అక్కడివి.

వినోద్ పుట్టేనాటికి ఆ గదికి తాళం పడింది. ఎందుకు మూశారని అడిగితే పిల్లలు తగ్గారన్నారు. పిల్లలు ఎక్కడ తగ్గారు? సందు నిండా ముడ్డి కడుక్కోని పిల్లలే. తర్వాత ఆ గదిలో గోనెసంచులు నింపారు. సులోచన బాయికి కుంభారిలో కార్మికుల కాలనీలో ఇల్లొచ్చింది, వెళ్ళిపోయింది. పద్మ మళ్ళీ గోడ వైపు తిరిగింది. ఈసారి ఎవరూ రాలేదు. శ్రీనివాస్ నాటకాలన్నాడు. నేను రోజూ వెయ్యి బీడీలు చుట్టి ఇవ్వాలి. పిల్లవాడు పాకడం మొదలుపెట్టాక మగ్గం పట్టాలో చెయ్యి పెడతాడేమోనని, పాత చీర పీలికతో వాడి కాలును మంచం కోడుకు కట్టేవాళ్ళం. మా సందులో అందరూ కడతారు. మేము మంచివాళ్ళమని కట్టాం, చెయ్యి తెగకూడదని. చెయ్యి తెగలేదు. మూడున్నరేళ్ళ దాకా వాడికి మాట రాలేదు.

ఒకే తల్లి, ఒకే ఇల్లు, ఒకే అన్నం. ఒకరికి గుమ్మంలోకి మనిషి వచ్చింది, ఒకరికి రాలేదు. దీనివల్లే అంతా అయిందని నేను అనను. నేను డాక్టరును కాను, మాట ఆలస్యమైన పిల్లలు బంగారంలా పెరిగినవాళ్ళను కూడా చూశాను. కానీ ఆ గదికి తాళం వేసినవాడు ఎక్కడో రాత్రి హాయిగా నిద్రపోతున్నాడు కదా, అది నాకు మింగుడు పడదు.

ఆ వారమే మూలమీది మందుల దుకాణానికి పోయాను.

"చిట్టీ లేకుండ పోరగానికి అన్ని సీసాలు ఎట్ల ఇచ్చినవ్?"

"మీ పేరే చెప్పిండు ఆజీ. మా అవ్వకు దగ్గు తగ్గుతలేదు అన్నడు. మీ దగ్గు నాకు ఇక్కడికి వినొస్తది, నేను నమ్మిన."

నా దగ్గునే నాకు సాక్ష్యం తెచ్చాడు. నేను ఇంటికి పోయి చేట, ఆకు, తంబాకు, దారం తెచ్చుకుని వాడి మెట్ల మీద కూర్చున్నాను. బీడీలు చుడుతూ, వచ్చిన ప్రతి మనిషికీ, "ఈయన దగ్గర దగ్గుమందు కొను బిడ్డా, చిట్టీ అడగడు, చిన్నపిల్లలకు కూడ ఇస్తడు" అని చెప్పాను. వారం తిరగక ముందే దుకాణంలో పెద్ద బోర్డు పెట్టాడు, చీటీ లేకుండా ఇవ్వబడదని. మరాఠీలో రాశాడు. తెలుగులో కూడా రాయించాను.

దసరా రోజుల్లో బతుకమ్మ ఆడుతుంటే వెనక నుంచి ఒకామె, మా వాళ్ళే, పేరెందుకు, "నర్సక్క మనుమడు మత్తు తాగిండట, దవాఖాన్ల పడ్డడట" అని పక్కామె చెవిలో చెప్పింది. చెవిలో చెప్పినా మా ఆడవాళ్ళకు మగ్గాల ఇళ్ళ అలవాటు, గట్టిగానే చెబుతారు. నేను చప్పట్లు ఆపాను.

"తాగిండు. నా మందే తాగిండు. నీ ఇంట్ల సీసా ఉందా?"

"ఉంది, మా ఆయనకు."

"ఇయ్యాల పోయి రుచి చూడు. తియ్యగుంటే నా దగ్గరికి రా."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. రెండో రోజు పొద్దున్నే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. మనసు డాక్టరు దగ్గరికి దారి చెప్పాను.

దీపావళికి వినోద్ మళ్ళీ జారాడు. ఈసారి సందులో పెద్ద పోరగాళ్ళు ఇచ్చిన గోళీలు మింగాడు. ఊగుతూ వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. శ్రీనివాస్ మగ్గం వదిలి వచ్చి కొట్టడానికి నడుము పటకా తీశాడు. నేను నడుమ నిలబడ్డాను. తర్వాత పిల్లవాడిని అడిగాను, మెల్లగా, నా జీవితంలో నేను మెల్లగా మాట్లాడిన సందర్భాలు తక్కువ.

"ఎందుకు రా? ఏం తక్కువైంది?"

గోడ వైపు తిరిగాడు, తల్లి తిరిగినట్టే. "మిషిన్ల చప్పుడు నెత్తిల ఆగది అవ్వా. బడిల కూసున్నా వినొస్తది. అది తాగితే దూరం పోతది. ఎవరన్న పిలిస్తే వినొస్తదేమో అనిపిస్తది."

"పిలిచిండ్రా ఎవరన్న?"

"లేదు."

మరుసటి మంగళవారం నేను బస్సెక్కి కుంభారి పోయాను. వరసగా ఒకే తీరు ఇళ్ళు, అడుగుతూ అడుగుతూ పోతే సులోచన బాయి బట్టలు ఆరేస్తోంది. జుట్టు తెల్లబడింది, మోకాళ్ళు వాచాయి. విషయం ఆమెకు పున్నమినాడే తెలుసు. "మళ్ళ మత్తుల పడ్డడు బాయీ" అన్నాను. చేతిలో చీర బకెట్‌లో పడేసి, "ఇన్ని రోజులు ఎందుకు ఆగినవ్ నర్సక్కా" అని నన్నే తిట్టింది. ఆ వారం నుంచి మంగళవారం మంగళవారం వస్తోంది. ఎవరూ ఆమెకు జీతమివ్వరు. వచ్చి చాప వేసుకుని కూర్చుంటుంది. మొదటి రోజే ఒకటి చెప్పింది: రోజూ పొద్దు గూకేటప్పుడు కొంతసేపు మగ్గాలు ఆపి అందరూ ఒకచోట కూర్చుని తినాలి, పిల్లవాడితో మాట్లాడాలి. డాక్టరు కూడా ఇంచుమించు అదే చెప్పాడు.

శ్రీనివాస్ ఒప్పుకోలేదు. "మాల్ టైముకు ఇయ్యకపోతే నూలు బంద్ చేస్తరు. ముచ్చట్లు పెట్టుకుంట కూసుంటె ఇల్లు నడుస్తదా అమ్మా?"

వాడి మాట తప్పని నేను అనను. అయినా ఆ సాయంత్రం నేను కిందికి దిగాను. బాయి మెట్ల మీద నిలబడింది. నాలుగు మగ్గాలూ కొట్టుకుంటున్నాయి. గోడకున్న మెయిన్ స్విచ్ దగ్గరికి పోయి కిందికి లాగాను. చప్పుడు ఒక్కసారిగా పడిపోయింది. చెవుల్లో నీళ్ళు పోయినట్టయింది.

"అమ్మా, ఏం చేస్తున్నవ్?"

"పున్నమినాడు దేవుని కోసం ఆపుతవ్. కొడుకు కోసం ఆపవా? ఆనాడు ఇవి ఆగినయి కాబట్టి వాడు బతికిండు. ఆ సంగతి నీకు తెల్వదా శీనూ?"

వాడు నన్ను చూశాడు, మెయిన్‌ను చూశాడు. ఎత్తి ఆన్ చేస్తాడనుకున్నాను. చేతులకున్న నూలు దులుపుకుని పైకెక్కాడు. కంచం ముందు కూర్చున్నాడు. ఏం మాట్లాడాలో వాడికి తెలియదు, వాడితో మాత్రం చిన్నప్పుడు ఎవరు మాట్లాడారు. చివరికి, "వినోద్, పప్పుల ఉప్పు ఎక్కువైందా?" అన్నాడు. పిల్లవాడు, "జర ఎక్కువైంది నాన్నా" అన్నాడు. పద్మ, "రేపటి నుంచి ఇద్దరు మీరే వండుకోండ్రి" అంది. ఆ రోజు అంతే మాట్లాడారు.

ఇప్పుడు ఉగాది దాటింది. బాగైపోయాడని రాయను. ఒకసారి జారాడు, మళ్ళీ జారవచ్చు. కొన్ని రోజులు లేవడు. పరీక్ష ఈ ఏడు రాయలేదు, వచ్చే ఏడు చూద్దామన్నారు. కొన్ని రోజులు మాత్రం సాయంత్రం వాడే కిందికి దిగి మెయిన్ లాగుతాడు. గోనెసంచుల గది తెరిపించమని నేను, బాయి తిరుగుతున్నాం. ఇంతవరకు ఎవరూ తెరవలేదు. నా కోపం చల్లారలేదు, చల్లారకపోవడమే మంచిదనిపిస్తోంది. మీరు మాత్రం మీ ఇంటి దగ్గుమందు ఒకసారి నోట్లో వేసుకుని చూడండి. బెల్లం తగిలితే పిల్లవాడిని కొట్టకండి, గర్దుల్లా అనకండి, బాబాల దగ్గరికి తిప్పకండి. దవాఖానకు తీసుకుపోయి, ఆ బెంచీ మీద తల ఎత్తుకుని కూర్చోండి.

మొన్న వాడు అడిగాడు, ఆ రోజు నా దగ్గర ఎవరున్నారు అవ్వా అని. వాడికేమీ గుర్తు లేదు. ఎవరూ పిలవరనుకున్నవాడు తెలుసుకోవాలి కాబట్టి రాస్తున్నాను. వాడి నాన్న శ్రీనివాస్, సగం కట్టిన ధోతితో. వాడి అమ్మ పద్మ. అక్క రజని. కొత్త బట్టల మీద వాంతి పడినా తుడుచుకోకుండా నిలబడ్డ అంబాదాస్. ఆ రోజంతా సవారీ ఎక్కించుకోకుండా గేటు దగ్గరే కూర్చున్న రఫీక్ భాయ్. చిన్న డాక్టరమ్మ. భాకరి పెట్టిన ఆమె, పేరు తెలియదు. ఎవరు చెప్పారో, రథం జనంలో పడి, సగం దూరం నడిచి మధ్యాహ్నానికి వచ్చి తలుపు దగ్గర నిలబడి, "వినోద్, ఓ వినోద్" అని పిలిచి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయిన సులోచన బాయి. ముక్కు దగ్గర వేలు పెట్టుకుని నేను, నర్సుబాయి. మా అందరి నడుమ వినోద్. ఊపిరి తీస్తూ.